పక్క వాటా ఆయన మా కుక్క మీద పగబట్టాడు, ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. మా జిమ్మీ ఊరకుక్కే, టీకాలన్నీ వేయించాం. పక్క వాటా ఆయనకి అది కనబడితే చాలు, చెప్పు విసురుతాడు, నన్ను నోటికొచ్చినట్టు తిడతాడు. మొన్న గేటు దగ్గర దాని మీద వేడినీళ్లు కుమ్మరించాడు. వీపంతా బొబ్బలు. రాత్రిపూట మొరుగుతుంది, కాదనను. అంతమాత్రానికి కాలుస్తారా అండీ?

ఫోటోలు, పశువుల డాక్టరు రాసిచ్చిన చీటీ ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 50 రూపాయలు మించదు, ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు! భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో అయితే ఐదేళ్ల దాకా జైలు ఉంది, కానీ అది చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం గురించి. కాలిన గాయాలకి వర్తిస్తుందా? ఓనరు గారేమో సర్దుకుపొమ్మంటున్నారు. ఇలా కేసు పెట్టినవాళ్లుంటే, స్టేషన్‌లో ఫిర్యాదు ఎలా రాసిచ్చారో చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.