స్టాంపు కార్డులను ‘చేత్తో చేసినవి’ అని అమ్మొచ్చా?

కుంచె_సికింద్రాబాద్: మా చర్చి క్రిస్మస్ సేల్‌లో ‘చేత్తో చేసినవి’ అని ఒక బల్ల పెడతారు. పోయినేడాది దాని మీద సగానికి పైగా రబ్బరు స్టాంపు కార్డులే. ఎవరో చెక్కిన నక్షత్రాన్ని ఇంకులో ముంచి కొడితే అది చేతిపనా? ఆ బల్ల మీద వాటికి చోటివ్వొద్దంటాను.

బోయిన్‌పల్లి_అక్క: ముంచరు తమ్ముడూ, ప్యాడ్ మీద అద్దుతారు. నువ్వెప్పుడూ చేయలేదని అక్కడే తెలిసిపోయింది. మెల్లగా ఆరే పిగ్మెంట్ ఇంకుతో కొట్టి, అది ఆరేలోపు ఎంబోసింగ్ పౌడర్ చల్లాలి, వేడికి కరిగి బొమ్మను ఉబ్బెత్తుగా నిలిపేది అదే. మిగిలింది దులిపి మళ్లీ డబ్బాలో పోసుకోవాలి. అక్షరాల మధ్య ఇరుక్కున్న రేణువులను సన్న బ్రష్‌తో తీసి, అప్పుడు బాగా వేడిగాలి కొట్టే హీట్ గన్ పెట్టాలి. పౌడర్ కరిగి మెరుపు రాగానే గన్ తీయకపోతే కార్డు వంకరపోతుంది. ఇది చేతిపని కాకపోతే కాలిపనా?

మౌలాలి_బ్రదర్: హెయిర్ డ్రయర్ చాలదాండీ?

బోయిన్‌పల్లి_అక్క: చాలదు. ఆ గాలికి పౌడర్ ఎగిరిపోతుంది, వేడీ సరిపోదు.

మౌలాలి_బ్రదర్: మా ఇంట్లోది బాగానే వేడెక్కుతుంది మరి.

హబ్సిగూడ_పిల్ల: నేను ఎరేజర్ మీద కట్టర్‌తో స్టాంపు సొంతంగా చెక్కుకుంటా. నాకు చోటుందా లేదా?

కుంచె_సికింద్రాబాద్: డ్రయర్ గొడవ ఆపండి. ఒకే బొమ్మ వరసగా కొట్టుకుంటూ పోతే అది ప్రెస్ పనే.

అల్వాల్_పెద్దాయన: 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అమ్మకానికి వేయించిన మొదటి క్రిస్మస్ కార్డే అచ్చు వేసింది. బొమ్మ హార్స్‌లీ గీశాడు, రంగులు చేత్తో అద్దారు.

కుంచె_సికింద్రాబాద్: దాన్ని షిల్లింగుకు అమ్మారు సార్, ఆ రోజుల్లో అది ఖరీదే. చవగ్గా పెట్టి పక్కవాడి పొట్ట కొట్టలేదు.

బోయిన్‌పల్లి_అక్క: ఇదీ అసలు సంగతి! నీ బాధ స్టాంపు గురించి కాదు, మా కార్డుకు పెట్టిన నలభై రూపాయల ధర గురించి.

కుంచె_సికింద్రాబాద్: అవునక్కా, నలభై గురించే. సాయంత్రమంతా కూర్చుంటే ఒక వాటర్‌కలర్ కార్డు అవుతుంది. నూటయాభై పెడితే ‘ఎంత బాగుందో’ అని చేతిలోకి తీసుకుని, అక్కడే పెట్టేసి, మీవి డజను కొనుక్కెళ్లారు. మీరు కూలి లెక్కేసుకోరు. నాకు డిసెంబరు సంపాదనే అది.

బోయిన్‌పల్లి_అక్క: ఆ డబ్బు అనాథ పిల్లల ఫీజులకు పోతుంది. దేవుడి పనికి కూలి ఏంటి?

కుంచె_సికింద్రాబాద్: మీరు ఉచితంగా చేయండి, వద్దనను. అదే బల్ల మీద వద్దు. కమిటీకి ఉత్తరం రాశా, ఇంతవరకు జవాబు లేదు.

బోయిన్‌పల్లి_అక్క: కమిటీలో నేనూ ఉన్నాను. ఆ ఉత్తరం నిండా స్టాంపుల మీద తిట్లే, సంపాదన మాట ఒక్కటీ లేదు. మళ్లీ రాయి.