అలైపాయుదే పాత డీవీడీ కొత్త టీవీలో ఇలా వస్తోందేంటి?

మన 'సఖి' తమిళ ఒరిజినల్ అలైపాయుదే (2000) డీవీడీ ఎన్నాళ్ల నుంచో దాచుకున్నా, మొన్న 55 అంగుళాల టీవీలో పెడితే బొమ్మ మధ్యలో చిన్నగా వస్తోంది, నాలుగు వైపులా నల్ల పట్టీలే. పీసీ శ్రీరామ్ గారి కెమెరా పనితనం అలా చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. టీవీ తప్పా, డిస్క్ తప్పా?

రిప్లై 1:
టీవీ తప్పు కాదు బ్రో, అది నాన్ అనమార్ఫిక్ డిస్క్ అయ్యుంటుంది, అంటే వెడల్పు బొమ్మని పక్కలకి నొక్కి ఫ్రేమ్‌లో ఎక్కువ గీతలు వాడుకునే అనమార్ఫిక్ పద్ధతి లేనిది. వెడల్పు తక్కువుండే పాత 4:3 టీవీల కోసం పట్టీలతో సహా బొమ్మని ఎక్కించేసేవాళ్లు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్క్‌లో బొమ్మకి ఉండేదే 480 అడ్డగీతలు, స్కోప్ (బాగా వెడల్పు ఫ్రేమ్) సినిమా ఏదైనా సరే అలా ఎక్కిస్తే అసలు బొమ్మకి మిగిలేవి దాదాపు 270, అదే అనమార్ఫిక్ అయితే దాదాపు 360 ఉంటాయి. రిమోట్‌లో జూమ్ నొక్కు, అడ్డంగా స్క్రీన్ నిండుతుంది (స్కోప్ సినిమా అయితే పైనా కిందా సన్న పట్టీలు ఉంటాయి) గానీ లేని డీటెయిల్ ఎక్కణ్ణుంచీ రాదు.

రిప్లై 2:
డిస్క్ వెనకాల పాల్ (PAL, మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడిన టీవీ పద్ధతి) అని ఉందేమో కూడా చూడండి అన్నా. అందులో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25కి పరిగెత్తిస్తారు, అంటే 4 శాతం ఎక్కువ స్పీడు, రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, సరిచెయ్యకపోతే గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. రెహమాన్ పాటలకి అది చాలా అన్యాయం, నేనైతే భరించలేను.

అడిగినాయన:
ఎన్‌టీఎస్‌సీ అనే ఉంది తమ్ముడూ. జూమ్ పెట్టి 'పచ్చై నిఱమే' చూశా, అంచులు మసకే కానీ రంగులు బానే ఉన్నాయి. ఇలాంటి సినిమాని నెగెటివ్ నుంచి మళ్లీ 4కేలో స్కాన్ చేసి మంచి డిస్క్ వేస్తే ఎంతైనా పెట్టి కొంటా.