అప్‌డేట్: హ్యారీ పాటర్ ఎనిమిదో కథ సగంలోనే ఆపేశాను

ఏడు పుస్తకాలూ ప్రాణంగా చదివిన నాకు ఈ ఎనిమిదోది, 'కర్స్‌డ్ చైల్డ్', ఎందుకు ముందుకు సాగట్లేదు, ఓపిక పట్టి పూర్తి చేయాలా అని అడిగాను కదా. చాలామంది చేయమన్నారు. చేయలేదు. హనుమకొండలో ఉన్న మా చెల్లికి ఇచ్చేశాను.

ఒక అక్క చెప్పింది మాత్రం పనికొచ్చింది: అది నవల కాదు, 2016లో లండన్‌లో వేసిన నాటకం స్క్రిప్ట్. కథ ముగ్గురు కలిసి అల్లిందే, పాత ఏడు పుస్తకాలూ రాసిన రౌలింగ్ అందులో ఒకరు. నాటకంగా రాసింది జాక్ థోర్న్. పాత పుస్తకాల్లో నాకు నచ్చింది హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో విందులు, కదిలే మెట్లు, హ్యారీ మనసులోని గోల. ఇక్కడ అన్నీ డైలాగులే, మిగతాది నటులూ లైట్లూ చూసుకోవాలి. పైగా కాలంలో వెనక్కి వెళ్లి నాలుగో పుస్తకంలోని పోటీని మళ్లీ కెలకడం! అక్కడే నాకు విసుగొచ్చింది.

"పెద్దయ్యావు, అంతే" అన్న అన్నకు: కాదన్నా. మొన్న కాజీపేటలో రైలెక్కి మూడో పుస్తకం మళ్లీ తీస్తే జనగామ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

చెల్లేమో ఇందులోని స్కార్పియస్ అనే పిల్లాడు మస్తున్నాడంటోంది. అది నిజమే, నన్ను నవ్వించింది ఆ పిల్లాడొక్కడే.