విల్సన్ స్టీమ్ 99ఎస్, 16×15: స్పిన్ నిజంగా పెరుగుతోందా?

శ్రీను_డాలస్
విల్సన్ వాళ్ల టెన్నిస్ రాకెట్, 2013 మోడల్ స్టీమ్ 99ఎస్, డెమో (కొనేముందు ఆడి చూడటానికి ఇచ్చేది) తెప్పించుకుని ఆడుతున్నాను. చూడనివాళ్ల కోసం: మామూలుగా మనం వాడే రాకెట్లకు నిలువు స్ట్రింగ్స్ 16, అడ్డం 19 ఉంటాయి. కంట్రోల్ కోరుకునేవాళ్లు 18×20 తీసుకుంటారు. దీనికి మాత్రం నిలువు 16, అడ్డం 15. అంటే నిలువు కన్నా అడ్డమే తక్కువ. సందుల్లో చిటికెన వేలు దూరిపోతోంది. మన స్వింగ్ ఏమీ మార్చకపోయినా నిమిషానికి 200 చుట్ల స్పిన్ అదనంగా వస్తుందని కంపెనీ చెప్పుకుంది.

మొదట్లో ఏది కొట్టినా బేస్‌లైన్ దాటి పోయింది. కాస్త అలవాటయ్యాక బంతి నెట్ మీద బాగా ఎత్తుగా వెళ్లి, చివర్లో దభీమని లోపల పడి, అవతలివాడి భుజం దాకా లేస్తోంది. ఇక్కడ లీగ్‌లో నాది 3.5 లెవెల్, అంటే మధ్యస్థంగా ఆడేవాణ్ణి. ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కొనొచ్చా?

గట్టింగ్_బాబాయ్
హైదరాబాద్‌లో గట్టింగ్ (రాకెట్లకి స్ట్రింగ్స్ బిగించే పని) చేస్తుంటాను. ఈ మోడల్ నా మిషన్ మీదకి ఈమధ్యే వస్తోంది. ముందు స్పిన్ ఎలా వస్తుందో చూద్దాం, కొనడం సంగతి తర్వాత.

బంతిని కింద నుంచి పైకి రుద్ది కొట్టినప్పుడు నిలువు స్ట్రింగ్స్ పక్కకి జరుగుతాయి. బంతి ఇంకా రాకెట్ మీద ఉండగానే అవి చటుక్కున వెనక్కి వస్తే ఆ విసురు కూడా స్పిన్‌కి కలుస్తుంది. వాటిని జరగనివ్వకుండా పట్టి ఉంచేవి అడ్డం స్ట్రింగ్స్. అవి తగ్గితే రాపిడి తగ్గుతుంది, జరగడం సులువవుతుంది. ఇందులో ఉన్న కిటుకంతా ఇదే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1977లో స్పఘెట్టీ రాకెట్ అని ఒకటి వచ్చింది. నిలువు స్ట్రింగ్స్ రెండు పొరలు, అడ్డం వాటితో అల్లిక లేకుండా ఉండేవి. ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఫైనల్లో రొమేనియా ఆటగాడు నస్టాసే దాంతో ఆడితే, నెలల తరబడి క్లే (మట్టి కోర్టు) మీద ఓటమే ఎరగని అర్జెంటీనా ఆటగాడు విలాస్ రెండు సెట్లు పోయాక విసుగొచ్చి కోర్టు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత అంతర్జాతీయ టెన్నిస్ ఫెడరేషన్ దాన్ని నిషేధించి, స్ట్రింగ్స్ ఒకదాని మీద ఒకటి అల్లుకునే ఉండాలని రూల్ పెట్టింది. 99ఎస్‌లో అల్లిక మామూలుగానే ఉంది కాబట్టి రూల్‌తో పేచీ లేదు.

శ్రీను గారూ, మీ డెమోలో ఏం స్ట్రింగ్ ఉంది?

శ్రీను_డాలస్
సింథటిక్ గట్ (నైలాన్ స్ట్రింగ్) అనుకుంటా బాబాయ్ గారూ. ప్రతి పాయింట్ తర్వాత వేళ్లతో సర్దుకోవాల్సి వస్తోంది.

గట్టింగ్_బాబాయ్
అక్కడే ఉంది మెలిక. మీరు చేత్తో సర్దుతున్నారంటే స్ట్రింగ్ పక్కకి జరిగి అక్కడే ఉండిపోతోందన్నమాట. వెనక్కి రావట్లేదు. ఇప్పుడు మీకు వస్తున్నది చాలావరకు లాంచ్ యాంగిల్, అంటే బంతి రాకెట్ మీంచి ఎత్తుగా లేవడం. నున్నటి పాలియెస్టర్ వేయించి చూస్తే నిలువు స్ట్రింగ్స్ వాటంతటవే సరిగ్గా వాటి చోట్లో నిలబడతాయి.

సుధ_వైజాగ్
నేను వేరే మాట చెప్తాను. మా క్లబ్‌లో ఒకరు అమెరికా నుంచి తెప్పించుకుంటే వాళ్లది తీసుకుని ఆడాను. నాది ఫ్లాట్ గేమ్, ఎక్కువ డబుల్స్. ఫోర్‌హ్యాండ్ సరే. వాలీ (బంతి నేల తాకకముందే కొట్టడం) దగ్గర మాత్రం ఏడిపించింది. నెట్ దగ్గర ఊరికే బ్లాక్ చేసిన బంతి నేను అనుకున్న దానికన్నా ఎత్తుగా లేచి ఎదుటివాళ్ల స్మాష్‌కి అందింది. ఒకే రకంగా కొట్టిన రెండు వాలీలు రెండు రకాలుగా పోయాయి. బ్యాక్‌హ్యాండ్ స్లైస్ (బంతి కింద కోసినట్టు కొట్టే షాట్) కూడా నేలకి దగ్గరగా జారాల్సింది, గాల్లో తేలింది.

కిక్ సర్వ్ (స్పిన్‌తో వేస్తే పడ్డాక ఎత్తుగా లేచే సర్వ్) మాత్రం ఒప్పుకోవాలి. సెకండ్ సర్వ్‌కి అంత ధైర్యం నాకెప్పుడూ లేదు.

కిరణ్_న్యూజెర్సీ
నేను కొని వాడుతున్నాను. స్పిన్ ఉంది, అబద్ధం కాదు. కానీ 200 చుట్లు అనే లెక్కని కాస్త నిదానంగా చూడాలి. నడాల్ ఫోర్‌హ్యాండ్ సగటున నిమిషానికి 3,200 చుట్లు తిరుగుతుందని హై స్పీడ్ కెమెరాలతో లెక్కగట్టారు. ఆయన ఆడింది మామూలు 16×19తో. అంటే అసలు పని చేసేది ఆ చెయ్యి, ఆ వేగం. కింద నుంచి పైకి వేగంగా లాగేవాడికి ఈ రాకెట్ కొసరు ఇస్తుంది. బంతిని తోసి ఆడేవాడికి ఇచ్చేది అవుట్ బాల్సే.

ఇక ఖర్చు. నిలువు స్ట్రింగ్ ప్రతిసారీ అదే చోట అడ్డం దాని మీద రాసుకుంటుంది కదా, అక్కడ గాడి పడుతుంది. దగ్గరగా పట్టుకుని చూస్తే రంపంతో కోసినట్టు కనిపిస్తుంది. సింథటిక్ గట్ అయితే రెండు మ్యాచ్‌లకే టప్. పాలీ (పాలియెస్టర్) ఇంకొంచెం ఆగుతుంది గానీ పాత రాకెట్‌లో ఆగినంత ఆగదు. రాకెట్ ధర గురించి అందరూ అడుగుతారు, గట్టింగ్ బిల్లు గురించి ఎవరూ అడగరు.

సుధ_వైజాగ్
మాకైతే ఆ పాలీ రీల్ కూడా ఎవరో ఒకరు అటు నుంచి తేవాలి :)

కోచ్_విజయవాడ
పిల్లల తల్లిదండ్రులు ఇప్పటికే నన్ను అడగడం మొదలుపెట్టారు కాబట్టి చెబుతున్నా. పన్నెండు, పదమూడేళ్ల వాళ్లకి ఇది వద్దు. బంతి దానంతటదే లేస్తుంటే మోకాళ్లు వంచి కిందకి దిగడం మానేస్తారు. రెండోది, ఈ ఫ్రేమ్‌కి పాలీ కావాలంటున్నారు. అది బిరుసు స్ట్రింగ్, ఎదిగే చేతికి మంచిది కాదు. వాళ్లకి 16×19లో మెత్తటి స్ట్రింగ్ చాలు.

శ్రీను_డాలస్
చెయ్యి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాకు పోయినేడాది టెన్నిస్ ఎల్బో (మోచేతి నొప్పి) వచ్చింది. ఇప్పుడు తగ్గింది. పాలీ వేస్తే మళ్లీ తిరగబెడుతుందా? టెన్షన్ (స్ట్రింగ్ బిగువు) ఎంత పెట్టమంటారు?

కిరణ్_న్యూజెర్సీ
నేను పాత రాకెట్‌లో పాలీ 52 పౌండ్లు వేయించేవాణ్ణి. దీంట్లో అదే పెడితే బంతి ట్రాంపొలిన్ మీద పడ్డట్టు ఎగిరింది. 57కి పెంచాక కంట్రోల్ దొరికింది. అడ్డం తక్కువ ఉండటం వల్ల అంత పెంచినా చేతికి మరీ రాయిలా అనిపించలేదు. ఎల్బో వచ్చిన చెయ్యి సంగతి నేను చెప్పలేను, బాబాయ్ గారు చెప్పాలి.

గట్టింగ్_బాబాయ్
ఎల్బో వచ్చి తగ్గిన చేతికి పూర్తి పాలీ నేను వేయను, కస్టమర్ అడిగినా ముందు వారిస్తాను. నిలువు మెత్తటి రకం పాలీ, అడ్డం సింథటిక్ గట్ వేసి 54 దగ్గర మొదలుపెట్టండి. స్పిన్ కొంచెం తగ్గుతుంది, పర్వాలేదు. ముఖ్యంగా, పాలీ తెగకపోయినా ఉంచేయకండి. టెన్షన్ పోయి చచ్చుబడిన పాలీతోనే నొప్పులు ఎక్కువ. మన ఎండల్లో కారు డిక్కీలో వదిలేసే రాకెట్లకైతే మరీ త్వరగా పోతుంది. డాలస్ ఎండా తక్కువేం కాదుగా.

సుధ గారిలా నెట్ దగ్గర ఎక్కువ ఆడేవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

శ్రీను_డాలస్
మీరు చెప్పినట్టే వేయించి చూస్తాను. డెమో వాళ్లు స్ట్రింగ్ మార్చనివ్వరు, అదొక్కటే చిక్కు.

కిరణ్_న్యూజెర్సీ
నా దగ్గర రెండోది ఖాళీగా ఉంది అన్నా. గ్రిప్ సైజు మూడు. పోస్టు ఖర్చులు మీరు పెట్టుకుంటే పంపిస్తాను, అడ్రస్ మెసేజ్ చేయండి.