ఒక్క ల్యాప్‌టాప్ కోసం ఇంటికి ఫైబర్ గుంజాల్నా, ఫోన్ నెట్టే చాల్తదా?

హాలియా పోరడు

అన్నలూ, అక్కలూ, మా ఇంట్ల వారం సంది ఇదే పంచాయితి. చెల్లె ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్ ఇంటికాడ్నుంచే చేస్తున్నది. ఇంట్ల ఒకటే ల్యాప్‌టాప్. ఇన్నొద్దులు బాపు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి నడిపిచ్చుకున్నం. ఇప్పుడు ఊళ్లె కేబులాయన ఇంటికి వైరు గుంజి ఫైబర్ నెట్ పెడ్తనంటుండు. నెలకు ఐదొందల చిల్లర, ఆర్నెల్లవి ముందే కట్టాల్నంట. బాపేమో "జేబుల నెట్ ఉండంగ గోడకింకో నెట్ ఎందుకురా" అంటడు. నేను బాపు దిక్కే. ఫోన్ల రోజుకు 2 జీబీ వస్తది, అండ్ల సగం వాడకుండనే పోతది. ఫైబర్ ఉండాల్సిందే అనేటోళ్లు ఎందుకో చెప్పుండ్రి.

మిర్యాలగూడ మెకానిక్

నాది కంప్యూటర్ రిపేర్ దుకాణం తమ్మీ. నేను గూడ బాపు దిక్కే, గని హాట్‌స్పాట్ బంద్ జేసి వైరు పెట్టుండ్రి. హాట్‌స్పాట్ అంటే ఫోన్ ఒక దిక్కు టవర్‌తోని, ఇంకో దిక్కు ల్యాప్‌టాప్‌తోని రేడియో నడపాలె. అందుకే అంత కాలుతది, అంత జల్ది చార్జింగ్ దిగుతది. ఫోన్ నెట్‌ను వైరుతోని ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌ల రెండో రేడియోతోని పని లేదు, పైకెల్లి ల్యాప్‌టాప్ నుంచే చార్జింగ్ ఎక్కుతది. పక్కింటి పిలగాండ్లు పాస్‌వర్డ్ పట్టుకొని రీల్స్ చూసే బాధ గూడ ఉండది.

మా దుకాణానికి "యూఎస్‌బీ టెథరింగ్ ఆప్షన్ బూడిద రంగుల ఉన్నది, నొక్కితే పడ్తలేదు" అని ఫోన్ పట్టుకొని మస్తు మంది వస్తరు. ఫోన్‌కు ఏం కాలేదు, దోషం వైరుది. రోడ్డు మీద అగ్గువకు అమ్మే చార్జింగ్ వైర్లల్ల కరెంటు తీగలు రెండే ఉంటయి, డేటా తీగలు ఉండయి. ఫోన్ డబ్బల వచ్చిన వైరు గుచ్చంగనే ఆప్షన్ వెలుగుతది. ఐఫోన్ ఉన్నోళ్లు విండోస్ ల్యాప్‌టాప్‌ల ఆపిల్ డ్రైవర్ ఏసుకోవాలె. ఆండ్రాయిడ్ ఫోన్‌ను మ్యాక్‌బుక్‌కు వైరుతోని కలుపుదామంటే చానావరకు పట్టది, ఆడ వైఫై హాట్‌స్పాటే గతి. బ్లూటూత్‌తోని గూడ నెట్ ఇయ్యొచ్చు గని మెయిల్ చూసుకునుడు తప్ప దేనికీ అక్కర రాదు.

పాలమూరు టీచర్

"సగం వాడకుండనే పోతది" అన్నారు. ఆ లెక్క ఫోన్ వరకే. ల్యాప్‌టాప్ తగిలించిన రోజు నుంచి లెక్క మారుతుంది. అవతల ఉన్నది రోజుకు 2 జీబీల ఫోన్ నెట్ అని మనం చెప్పేదాకా విండోస్‌కు తెలియదు. మామూలు వైఫై అనుకుని వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంది. మా బడి పని ఇంట్లో చేసుకుందామని కూర్చుంటే ఫైలు తెరిచేలోపే "మీ రోజువారీ డేటాలో 90 శాతం అయిపోయింది" అని మెసేజ్.

కోటా అయిపోతే నెట్ ఆగదు, 64 కేబీపీఎస్‌కు, అంటే సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. బిట్లను బైట్లు చేస్తే సెకనుకు 8 కేబీ. 1 ఎంబీ ఫైలు దిగడానికి రెండు నిమిషాలు, 5 ఎంబీ పీడీఎఫ్‌కు పది నిమిషాల పైనే. నలుగురు కెమెరాలు పెట్టుకున్న వీడియో మీటింగ్ గంటకు ఒక జీబీ దాకా తాగుతుంది. ఇంటర్న్‌షిప్ అంటే పొద్దున ఒక మీటింగ్, సాయంత్రం ఒకటి. ఇక మీ 2 జీబీలో మిగిలేదేముంది?

డబ్బు సంగతీ చూడండి. ఫోన్ రీచార్జి నెలకు కాదు, 28 రోజులకు. అంటే ఏడాదికి పదమూడు సార్లు. 2024 జూలైలో రేట్లు పెంచాక రోజుకు 2 జీబీ ప్యాక్ జియోలో 349 అయింది. అదే కంపెనీ ఫైబర్‌లో 399 ప్లాన్ ఉంది, 18 శాతం జీఎస్టీ కలిపితే 471 దాకా అవుతుంది. 30 ఎంబీపీఎస్ వేగం, నెలకు 3,300 జీబీ. చేతిలో ఫోన్‌కు రీచార్జి ఎలాగూ తప్పదు కాబట్టి ఫైబర్ అదనపు ఖర్చే, కాదనను. కానీ రోజూ 2 జీబీకి, నెలకు 3,300 జీబీకి పోలికెక్కడ?

మిర్యాలగూడ మెకానిక్

సార్, అప్‌డేట్ల బాధకు మందున్నది. విండోస్ సెట్టింగ్స్‌ల నెట్‌వర్క్‌లకు పోయి, ఇప్పుడు కలిసున్న కనెక్షన్ మీద నొక్కి "మీటర్డ్ కనెక్షన్" (లెక్కపెట్టి వాడే నెట్ అని చెప్పుడు) ఆన్ జెయ్యాలె. పెద్ద అప్‌డేట్లు చానామటుకు ఆగిపోతయి, ఫొటోలు క్లౌడ్‌కు ఎక్కించే వన్‌డ్రైవ్ గూడ ఆగుతది. హాట్‌స్పాట్‌కు పెట్టింది యూఎస్‌బీకి వర్తించది, దేనికి దానికే పెట్టుకోవాలె. 3,300 జీబీ అంటున్నరు, ఒక్క ఆడివిల్ల ఇంటర్న్‌షిప్‌కు అన్ని జీబీలు దేనికి సార్, సినిమా హాల్ పెడ్తదా?

జడ్చర్ల నైట్‌షిఫ్ట్

అన్‌లిమిటెడ్ 5జీ ఉన్నంక కోటా గోలేంది? ఆ 349 ప్యాక్‌లనే వస్తది గదా. నేను రాత్రంత ఫోన్ మీదనే ఆఫీస్ పని జేస్త.

పాలమూరు టీచర్

జడ్చర్ల హైవే మీద ఉంది, మీకు వస్తుంది. ఆ అన్‌లిమిటెడ్ ఫోన్ పైన 5జీ గుర్తు ఉన్నంతసేపే. ఎక్కువ వేగమిచ్చే 5జీ తరంగాలు స్లాబు దాటి లోపలికి రావడం కష్టం, గదిలోకి వెళ్లగానే ఫోన్ 4జీకి దిగుతుంది. దిగిన క్షణం నుంచి మళ్లీ 2 జీబీ లెక్కే. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి ఈ మార్పు కనపడదు, గుర్తు ఫోన్ మీదే ఉంటుంది కదా.

అమ్రాబాద్ వాసి

మీ పంచాయితి జూస్తుంటే నవ్వొస్తుంది. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి శ్రీశైలం దిక్కు పోతుంటే నల్లమలల సిగ్నలే ఉండదు, ఫైబర్ ముచ్చట ఎవడెత్తుతడు? మాది రేకుల ఇల్లు. లోపల ఫోన్‌కు ఒక్క గీత, అరుగు మీదికొస్తే మూడు గీతలు. అందుకే మాకు హాట్‌స్పాటే మంచిది మెకానిక్ అన్నా. ఫోన్ బయట నీడల పెట్టి, ల్యాప్‌టాప్ లోపల పెట్టుకుంటం. వైరైతే ఫోన్ గూడ ల్యాప్‌టాప్ కాడనే ఉండాలె గదా. హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టుండ్రి, 5 మీద పెడ్తే గోడ దాటది.

నల్గొండ అక్క

జీబీలు, గిగాహెర్ట్జ్‌లు అయిపోయాయి. ఆ ఫోన్ ఎవరిదో ఒక్కరూ అడగరేం?

ఫోన్ బాపుది. ఆయన పొద్దున బాయికాడికి పోతే ఫోన్ ఆయనతోనే పోతుంది, దాంతో చెల్లె నెట్ కూడా పోతుంది. ఆయన ఫోన్ ఇంట్లో వదిలిపెడితే మోటరు కాడ ఆయనకేమైనా అయినా కబురు తెలియదు. బ్యాంకు ఓటీపీ, ఎరువుల దుకాణం ఫోన్‌పే, అన్నీ ఆ ఫోన్‌లోనే. మీటింగ్ నడుమ బాపుకు ఫోన్ వస్తే ఏమవుతుందో ఆలోచించారా? డేటా ఒక సిమ్‌ది, కాల్ ఇంకో సిమ్‌కు వచ్చిందనుకోండి, చాలా ఫోన్లలో ఆ మాటలు అయ్యేదాకా నెట్ ఆగిపోతుంది. మేనమామ ఫోన్ చేస్తే అరగంట. అవతల మేనేజరుకు ఈ అమ్మాయి మీటింగ్ మధ్యలో లేచిపోయినట్టే కనపడుతుంది.

మగపిల్లలైతే సెంటర్‌లో ఇంటర్నెట్ షాపుకో, దోస్తు రూముకో పోతారు. ఆడపిల్లకు ఇంట్లో నెట్ లేకపోతే చదువే ఆగుతుంది. గోడకు ఉన్న నెట్ ఎవరి జేబులోనూ బయటికి పోదు. నా ఓటు ఫైబర్‌కే.

హాలియా పోరడు

అక్కా, బాయి ముచ్చట నిజమే. నేను ఊళ్లె ఉన్నప్పుడు నా ఫోన్ ఇస్త గని, వారంల సగం దినాలు హైదరాబాద్‌ల ఉంట. పాత ఫోన్ల ఇంకో సిమ్ ఏసి ఇంట్లనే పెడ్తే కాదా?

మిర్యాలగూడ మెకానిక్

అయితది. గని రోజంత చార్జింగ్‌ల పెట్టి ఉంచితే ఆ పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బుతది. వెనక డొప్ప లేచిందంటే ఎంటనే బంద్ జెయ్యాలె, ఆట కాదు. ఇంకోటి, ల్యాప్‌టాప్ కొంతసేపు బంద్ పెడ్తే కొన్ని ఫోన్లు హాట్‌స్పాట్ తమంతల తామే ఆపేస్తయి. సెట్టింగ్స్‌ల అది తీసెయ్యుండ్రి.

అక్క మాట కాదన గని, ఫైబర్‌ను మరీ నెత్తిన పెట్టుకోకుండ్రి. మా దిక్కు రోడ్డు పనికి జేసీబీ దిగిందంటే ముందు తెగేది ఫైబరే. కోతులు వైర్లు పట్టుకొని ఊగుతయి. అతికేటోడు వచ్చేదాకా దినమా రెండు దినాలా చెప్పరాదు. కరెంటు పోతే ఫైబర్ రూటర్ డబ్బ బంద్, నెట్ బంద్. టవర్‌కు బ్యాటరీలు ఉంటయి గన్క ఫోన్ నడుస్తది.

పాలమూరు టీచర్

కరెంటుకు చిన్న యూపీఎస్ దొరుకుతుంది. రూటరు డబ్బాలు ఎక్కువగా 12 వోల్టులవే, రెండు మూడు గంటలు లాగుతుంది. పట్టణాల్లోనే కాదు, మిషన్ భగీరథ పైపుల వెంబడి వేసిన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ నెట్ టీ-ఫైబర్‌ను 2024 డిసెంబర్‌లో ప్రయోగంగా మొదలుపెట్టిన ఊళ్లలో మా పక్క నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది. అది మన ఊరికి వచ్చేదాకా ఆగమని పిల్లకు చెప్పలేం కదా, అందుకే కేబులాయననే అడగమంటున్నాను.

ఆ చెల్లెను నేనే

లింకు అన్న పంపిండు. ఇంత చర్చ అయింది గని నన్ను ఒక్కరన్న అడిగిండ్రా?

నాకు స్పీడ్‌తోని తిప్పలు లేదు. పగలు 4జీ మంచిగనే వస్తది. రాత్రి ఏడు దాటినంక ఊరంత ఆ ఒక్క టవర్ మీదనే పడ్తది, మ్యాచ్ ఉన్ననాడైతే అడగొద్దు. నా పని అప్పజెప్పాల్సింది గా టైముకే. ఫైలు 80 శాతం ఎక్కి ఆగుతది, మళ్ల మొదటి నుంచి. అంతల బాపు "అమ్మా, ఫోన్ ఇయ్యి, పాల కేంద్రమోళ్లు జేస్తరు" అంటడు. వైరు పీకి ఇస్త, ఫైలు పాయె.

ఆర్నెల్లవి ముందే కట్టుడు కుదరదని కేబులాయనకు నేనే ఫోన్ జేసి చెప్పిన. నెలనెలా కడ్తమన్న, ఒప్పుకుండు, డబ్బకు మాత్రం డిపాజిట్ ఇయ్యాలె. అది నా ఇంటర్న్‌షిప్ పైసలల్లనుంచి ఇస్త. సోమవారం వస్తనన్నడు. అన్నా, డ్రిల్ మిషన్ పక్కింట్ల అడిగి పెట్టు, గోడకు బొక్క కొట్టాలె.

మిర్యాలగూడ మెకానిక్

మంచిది చెల్లె. ఫోన్ డబ్బల వచ్చిన ఆ వైరు మాత్రం ల్యాప్‌టాప్ సంచిలనే ఉంచు. ఫైలు అప్పజెప్పే దినమే జేసీబీ వస్తది.