వృద్ధుల సంరక్షణ సర్వే: అన్నిటికీ పదికి పదే!

గాజువాక_సర్వే: 70 దాటినవాళ్లకు ఇంటి సాయంలో ఏ ఫలితం ముఖ్యమో కొలవాలి. ఆస్కాట్ (సంరక్షణ వల్ల జీవన నాణ్యత ఎలా ఉందో కొలిచే ఇంగ్లండ్ ప్రశ్నావళి)లోని భోజనం, శుభ్రత, గౌరవం లాంటి 8 అంశాలకు పదికి మార్కులు వేయమంటే పైలట్‌లో అన్నిటికీ పదే వేస్తున్నారు. ఏం చేయాలి?

లెక్కల_మాస్టారు: ఏదీ వదులుకోనక్కర్లేనప్పుడు పది కాక ఏమొస్తాయండీ! బెస్ట్-వరస్ట్ పద్ధతి పెట్టండి. కార్డు మీద 8 అంశాలూ ఉండాలి, ఒక్కోదానికి 4 స్థాయిల్లో ఒకటి. ముందు అన్నిటికన్నా మంచిది, తర్వాత అన్నిటికన్నా చెడ్డది, ఆపైన మిగిలినవాటిలో మళ్లీ అలాగే. సాధ్యమయ్యే స్థితులు 65,536 కాబట్టి ఆర్తోగోనల్ డిజైన్‌తో (ప్రతి అంశం ప్రభావం విడిగా తెలిసేలా కొన్ని కలయికలనే ఎంచే పద్ధతి) 32 కార్డులకు కుదించి, మనిషికి 8 చొప్పున పంచండి. అంతకుమించితే అలసిపోయి పైనున్నదే చూపిస్తారు. అంశాల వరుస కూడా మారుస్తూ ఉండండి.

పెందుర్తి_ఫీల్డ్: అనువాదం దగ్గరే సగం పాడవుతుంది. ‘గౌరవం’ అంటే మనవాళ్లు పరువు అనుకుంటారు. ఆస్కాట్ అడిగేది వేరు: సాయం చేసే తీరు వల్ల తమ గురించి తమకెలా అనిపిస్తోంది అని. ‘నియంత్రణ’ బదులు ‘రోజు మీకు నచ్చినట్టు గడుస్తోందా’ అనండి. కొడుకూ కోడలూ పక్కనుంటే భోజనం, శుభ్రత గురించి నిజం రాదు. ఎవరున్నారో ఫారంలో రాయండి. చూపు ఆననివాళ్లకు చదివి వినిపించాలి.

గాజువాక_సర్వే: ఏ అంశానికి ఎంత విలువో చెప్పే ఇంగ్లండ్ వెయిట్లు వాడేయొచ్చా?

లెక్కల_మాస్టారు: వద్దు, అవి అక్కడి జనం ఇష్టాలు. మీ కార్డులిచ్చేది సాపేక్ష విలువలే. మరణాన్ని సున్నాగా పెట్టి కొలవాలంటే టైమ్ ట్రేడ్-ఆఫ్ (మంచి స్థితి కోసం ఆయుష్షులో ఎంత వదులుకుంటారని అడగడం) లాంటిది కావాలి. ‘ఎన్నేళ్లు వదులుకుంటారు’ అని పెద్దవాళ్లను అడగడం నాకైతే ఇబ్బందే. ఐస్‌క్యాప్-ఓ (పెద్దవాళ్లు తమకు నచ్చినట్టు బతకగలుగుతున్నారా అని కొలిచే మరో ప్రశ్నావళి) చూడండి: 5 అంశాలు, 4 స్థాయిలు, చావు ప్రస్తావన ఉండదు. కాకపోతే భోజనం, ఇంటి శుభ్రత లాంటివి అందులో విడిగా ఉండవు.