అప్‌డేట్: మా మేనేజర్ వాడే 'యాల్' మర్యాద కాదంట
మొన్న అడిగింది నేనే, డాలస్ వచ్చి రెండు నెలలైంది, మా మేనేజర్ మాటకి ముందు 'యాల్' అంటోంది, అది మన 'మీరు' లాంటిదా అని. రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్.

మర్యాదేం లేదంట, యూ ఆల్ ని కలిపేసి పలకడమే, ఎదురుగా ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటేనే వాడాలి. నేనేమో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లి 'యాల్ వాంట్ కాఫీ?' అన్నా, పాపం వెనక్కి తిరిగి చూసింది ఇంకెవరున్నారా అని 😅

పక్క సీట్ అన్న లంచ్‌లో ఇంకో సంగతి చెప్పాడు, ఇంగ్లీష్‌లో ఒకప్పుడు నువ్వుకి 'దౌ' ఉండేదంట, 'యూ' ఏమో చాలామందికి, పెద్దవాళ్లు ఒక్కరైనా యూనే, అచ్చం మన మీరు లాగా. అందరికీ మర్యాద ఇచ్చీ ఇచ్చీ 1600ల్లో మెల్లిగా దౌ మామూలు మాటల్లోంచి పోయింది, ఇక యూ అంటే ఒకరో పదిమందో తెలీక అమెరికా సౌత్ వాళ్లు యాల్ పెట్టుకున్నారు, పిట్స్‌బర్గ్ వైపు 'యిన్జ్' అంట (ఇది వింటే మాత్రం నాకు నవ్వాగలేదు). మనకి ఆ బాధ సగమే, 'మీరు' అంటే 'నన్నేనా, అందర్నీనా' అని మనమూ అడుగుతాంగా.

'ఆల్ యాల్' కూడా ఉంది, ఒక్కరు కూడా మిగలకుండా అందరూ అని. శుక్రవారం ఆమె మెసేజ్, 'ఆల్ యాల్ ఫిల్ యువర్ టైమ్‌షీట్స్'. నాదింకా అవలేదు, వెళ్తున్నా.